నాలుక మీద ఒక చుక్క

మొన్న మా మనవడు నన్ను కంటి డాక్టరుకు చూపించి తీసుకొస్తూ నెల్లూరులో ఒక కారు షెడ్డు ముందు ఆగాడు. ఇంజను వేడెక్కుతోందట. మెకానిక్కు రెండు డబ్బాలు తెచ్చి, రేడియేటర్లోకి ఆకుపచ్చది పోయమంటారా, ఎర్రది పోయమంటారా అని అడిగాడు. మనవడు ఫోనులో ఏదో చదివి ఆకుపచ్చది అన్నాడు. మూత తీసేటప్పుడు నాలుగు చుక్కలు వాడి వేళ్ల మీద పడ్డాయి. సబ్బుతో చేతులు కడుక్కుని వస్తే తప్ప కారెక్కనని నేను మొండికేశాను. వాడు నవ్వుతూనే కడుక్కుని వచ్చాడు. దారి పొడుగునా మా బావగారే కళ్ల ముందున్నారు.

బావగారంటే నా భర్తకు అన్న. ఆయన పేరు మా ఇంట్లో ఆడవాళ్లెవరూ పలికేవాళ్లు కాదు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు రాయబోతే చెయ్యి ఆడడం లేదు. పేరు లేకుండానే చెబుతాను.

మా ఊరు తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది. ఒక పక్క ఉప్పుటేరు, ఒక పక్క వరి పండే కయ్యలు. అక్కడి నీళ్ల సంగతి విచిత్రం. ఒక చోట తవ్వితే కొబ్బరినీళ్లలాంటి నీళ్లు పడతాయి, కాస్త పక్కకు జరిగి తవ్వితే నోట్లో పెట్టలేని ఉప్పు. అందుకే ఊరంతటికీ మా బావగారి నాలుక కావలసి వచ్చింది. బావి తవ్వినా, చౌడు కయ్య కొనాలన్నా ఆయన్ను పిలిచేవాళ్లు. నీళ్లయితే వేలు ముంచి, మట్టయితే చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకునేవారు. కళ్లు మూసుకుని కాసేపు ఉండి, పక్కకు తిరిగి ఊసేసి, పైపంచె కొసతో పెదాలు తుడుచుకుని ఒక్క మాట చెప్పేవారు. "మనిషికి పనికొస్తది." లేకుంటే, "పైరుకు సరే, మనిషికి వద్దు." ఒక్కోసారి, "పూడ్చేయండి." పూడ్చేయమంటే, ఎన్నాళ్లు కష్టపడి తవ్విందైనా సరే, ఆ సాయంత్రానికే మట్టి పోసేవాళ్లు.

ఆయన ఏదైనా సరే ఊసేసేవారు. మంచినీళ్లయినా అంతే. పెళ్లిళ్లలో వంటవాళ్లు పాయసం దించగానే ఆయనకొక గరిటె పంపేవాళ్లు. పందిరి వెనక్కి పోయి రుచి చూసి, ఊసి వచ్చి, "ఇంకొంచెం బెల్లం" అనేవారు. ఇదేం అలవాటని అడిగితే, "రుచి చూసేదానికి నాలుక చాలు, గొంతుతో పనేముండాది" అనేవారు.

నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆయన భార్య పోయింది, పిల్లల్లేరు. నా భర్త గూడూరులో మైకా కంపెనీలో పని చేస్తూ వారానికొకసారి వచ్చేవారు. ఇంట్లో మా అత్తగారు, బావగారు, నేను. ఆ రోజుల్లో మరదలు బావగారి ఎదుట నిలబడి మాట్లాడేది కాదు. ఆయన కూడా నాతో చెప్పాల్సిన మాట గోడకు చెప్పేవారు. వచ్చిన కొత్తలో ఒకరోజు, దొరువు దాకా పోవడానికి బద్ధకించి పెరటి బావి ఉప్పునీళ్లతో పులుసు కాచాను. మాలో దొరువంటే ఇసకలో తవ్వుకున్న నీటిగుంట, తాగే నీళ్లు అక్కడివే. బావగారు రెండు ముద్దలు తిని గోడ వైపు చూసి, "ఈ పొద్దు దొరువు దారిలో ఎవరికో కాలికి ముల్లు గుచ్చుకున్నట్టుండాదే" అన్నారు. మా అత్తగారు నవ్వీ నవ్వీ పొరబోయింది. తలుపు చాటున నేను సిగ్గుతో చచ్చిపోయాను.

యాభైల చివరలో ఆయన ట్రాక్టరు తెప్పించారు. మా వైపు అదే మొదటిది. పరాయి దేశం నుంచి ఓడలో మద్రాసుకు వచ్చి, అక్కడి నుంచి మా ఊరికి చేరింది. దాన్ని నడపడానికి దానియేలును పెట్టుకున్నారు. దానియేలుది మా ఊరి పడమట ఉండే పాళెం, క్రైస్తవుల ఇళ్లన్నీ అక్కడే. గూడూరు గనుల దగ్గర మైకా లారీ తోలి వచ్చిన మనిషి. చామనఛాయ, పెద్ద గొంతు. ఇంజను మోతను మించి కీర్తనలు పాడుతూ దున్నేవాడు, ఒక్కటీ రాగంలో ఉండేది కాదు. పనిలో ఉన్నంతసేపూ నిప్పులాంటివాడు. శనివారం సాయంత్రం మాత్రం ఎక్కడైనా చుక్క దొరుకుతుందేమోనని వెతికేవాడు. అవి మద్యనిషేధం రోజులు. కల్లు కూడా దొంగతనంగా తాగాల్సిందే. పట్నంలో వార్నీషు తాగి కళ్లు పోయినవాళ్ల కథలు మా ఊరి దాకా వచ్చేవి.

ట్రాక్టరు వచ్చిన రోజు నుంచి బావగారికి ఒకటే దిగులు, దాని రేడియేటర్లో ఏం పోయాలని. అంతకుముందు బావి మీద ఆయిలింజను ఒకటి ఉండేది. మా ఉప్పునీళ్లు తిరిగి తిరిగి దాని లోపలంతా తుప్పు పట్టి, ఒకనాడు పగిలి ఊరుకుంది. ఇప్పుడు దీనికీ అదే గతి పడుతుందని ఆయన భయం. ట్రాక్టరుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక ఆదివారం నా భర్త చదివి చెప్పారు. చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టి ఇంజను పగలకుండా ఒక మందు కలుపుతారట. బావగారు మద్రాసు పోయి ఆ మందు అడిగితే అంగడి మనిషి నవ్వాడట, మీ ఊళ్లో మంచు యాడ పడుతుందని. "మంచు లేదు సరే, ఉప్పు ఉండాది గదా" అన్నారట ఈయన. అప్పుడతను ఆలోచించి, తుప్పును కూడా ఆపే మందులున్నాయని రెండు రకాల డబ్బాలు ఇచ్చి, ఏది నచ్చితే అది వాడమన్నాడు. ఇవి నోటికి తగలకూడదనీ, పశువులకూ పిల్లలకూ అందనీయొద్దనీ చెప్పి పంపాడు.

ఆ డబ్బాలు రెండూ మా కొట్టం ముందు తెరిచారు. దానియేలూ, పాలేర్లూ చుట్టూ చేరారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. మొదటి డబ్బా మూత తీయగానే స్పిరిట్ వాసన నా దాకా వచ్చింది. బావగారు వెంటనే మూత బిగించేశారు. ఇది మన ఎండకు ఆవిరై పోతుందన్నారు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉందని నాకు అర్థమైంది. ఆ వాసన తగిలితే మన మనుషులు ఊరుకోరని ఆ పొద్దు అన్నం తింటూ గోడకు చెప్పారు. ఆ డబ్బా మర్నాడే మద్రాసుకు తిరిగిపోయింది.

రెండో దానికి వాసన లేదు. చిక్కగా, పచ్చగా ఉంది. బావగారు అలవాటు కొద్దీ వేలు ముంచి, ఒక్క చుక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. అందరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు. ఆయన పక్కకు తిరిగి ఊసి, పైపంచెతో పెదాలు తుడుచుకుని, "తియ్యగా ఉండాది, పాకంలాగ" అన్నారు. పాలేర్లు నవ్వారు. దానియేలు కూడా నవ్వాడు.

అదే పోశారు. మిగిలింది డబ్బాతో సహా కొట్టంలో అటక మీద పెట్టించారు, దూడలకు అందకూడదని. దూడల సంగతి ఇంట్లో అందరికీ చెప్పారు. మనుషులకు చెప్పాలని ఆయనకు తోచలేదు. సారా వాసన లేనిదాన్ని ఎవడు ముట్టుకుంటాడనుకున్నారు.

రెండు పంటలు బాగా సాగాయి. బావగారు నెలకొకసారి రేడియేటరు మూత తీయించి లోపలికి తొంగి చూసి, తుప్పు లేదని మురిసిపోయేవారు. గోడతో కూడా కాస్త ఎక్కువ మాట్లాడేవారు.

ఆ ఏడు నాట్లు ముగిసిన శనివారం నాడు దానియేలు ట్రాక్టరు కడిగి కొట్టంలో పెట్టి ఇంటికి పోయాడు. సాయంత్రం పాళెంలో తూలుతూ కనిపించాడని పాలేరు ఒకడు వచ్చి చెప్పాడు. ఎక్కడో సారా సంపాదించుకుని ఉంటాడని అందరూ అనుకున్నారు. నాట్లలో ఒళ్లు హూనం చేసుకున్నాడు, పడుకోనీయమని బావగారు అన్నారు.

మర్నాడు ఆదివారం ప్రార్థనకు కూడా అతను గుడికి పోలేదు. పొద్దెక్కినాక అతని భార్య మార్తమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని మా పెరట్లోకి వచ్చింది. ఒకటే వాంతులు, మనిషి పరుగెత్తినట్టు రొప్పుతున్నాడు, సారా వాసన మాత్రం లేదని చెప్పింది. బావగారు ఆమె వెంట పాళెం పోయారు. తిరిగి వచ్చి నేరుగా కొట్టంలోకి పోయారు. అటక మీది డబ్బా దించి వంచి చూశారు. ఆ తర్వాత అక్కడే నేల మీద గొంతుక్కూర్చున్నారు. ఆ మొహం నేను కిటికీలోంచి చూశాను. మళ్లీ అట్లాంటి మొహం ఎవరిదీ చూడలేదు.

నెల్లూరుకు ఎద్దుల బండి మీద పోతే సాయంత్రమవుతుంది. ట్రాక్టరైతే త్వరగా పోవచ్చు, కానీ ఊళ్లో దాన్ని నడపడం వచ్చిన మనిషి ఒక్కడే. ట్రైలర్లో గడ్డి పరిచి ఆ మనిషినే పడుకోబెట్టారు. మార్తమ్మ బిడ్డను పట్టుకుంటే మొగుణ్ని పట్టుకోలేదు. మా అత్తగారు నన్ను చూసి "నువ్వు పో" అంది. నేను ఎక్కి దానియేలు తల పట్టుకుని కూర్చున్నాను. బావగారు పంచె ఎగ్గట్టి ట్రాక్టరెక్కారు. అంతకుముందు ఆయన దాని చక్రం ముట్టుకుని ఎరగరు.

దానియేలు పడుకునే చెప్పాడు. "ఎడం కాలితో తొక్కి పట్టుకో అయ్యా. ఇప్పుడా కడ్డీ ముందుకు దొయ్యి. కాలు నిదానంగా వదులు, నిదానంగా." ట్రాక్టరు ఎగిరి పడింది, బిడ్డ కెవ్వుమంది. మళ్లీ చెప్పాడు. మూడో మాటకు ఊపిరందక ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పాడు. చివరికి బండి కదిలింది.

సగం దారిలో కాలవ వంతెన మీద ఇంజను ఆగిపోయింది. బావగారు వెనక్కి తిరిగి "దానియేలూ" అన్నారు. అతను కళ్లు తెరవలేదు. మార్తమ్మ అతని చెంపలు తడుతోంది. దారంతా అతని మాటలు నా చెవి పక్కనే పడుతూ వచ్చాయి కాబట్టి అవన్నీ నాకు గుర్తున్నాయి. "కడ్డీ నడిమికి తెండి బావా, ఎడం కాలు తొక్కి పట్టుకోండి" అని అరిచాను. ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అదే. ఆయన అట్లాగే చేశారు, ఇంజను మళ్లీ అందుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తాగాడని అడిగింది. బావగారు తన వెంట తెచ్చిన డబ్బా చూపించారు. ఆమె చదివి, ఎంత తాగాడని అడిగింది. నిమ్మకాయ పిండుకుని చెంబెడు తాగినానని బయల్దేరేముందు అతనే ఒప్పుకున్నాడని మార్తమ్మ చెప్పింది. డాక్టరమ్మ చేయగలిగింది చేస్తామంది. మూత్రపిండాలు ఆగిపోతున్నాయని బావగారిని పక్కకు పిలిచి చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం దానియేలుకు తెలివి వచ్చింది. మొహం ఉబ్బి ఉంది. బావగారు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఎందుకు తాగావురా అని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"నువ్వు నాలుక మింద పెట్టుకున్నావు గదయ్యా" అన్నాడు దానియేలు. "విషమైతే నీకు తెలవకుండా ఉంటదా అనుకున్నా."

"నేను ఊసేసినాన్రా."

"నువ్వు అన్నీ ఊస్తావు గదా అయ్యా."

అతను నిందగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు, అంతే. మంగళవారం తెల్లవారేసరికి దానియేలు పోయాడు.

ఊళ్లో మునసబు, దొంగసారా తాగి చచ్చినాడని పైకి తెలియజేశాడు. ఎవరికీ చిక్కులేని మాట అది. పాళెంలో మాత్రం దాంతో పెద్ద తగువయింది. తాగి చచ్చినవాణ్ని గుడి దొడ్లో పూడ్చగూడదని, ప్రార్థన చేయగూడదని సంఘం పెద్దలు కొందరు పట్టుబట్టారు. శవం ఇంటి ముందే ఉంది. మార్తమ్మ ఎవరినీ బతిమాలలేదు, బిడ్డతో తలాపున కూర్చుని ఉంది.

ఆ మాట మా ఇంటికి చేరగానే బావగారు లేచి పాళెం పోయారు. రేకుల గుడి ముందు జనం మధ్య నిలబడి భుజం మీది పైపంచె తీసి చంకలో పెట్టుకున్నారట. మా ఇంటి మగవాళ్లు ఇంకొకరి ముందు పైపంచె తీయడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆయనన్న మాట నాకు ఎంతోమంది చెప్పారు, అందరూ ఒకే తీరుగా చెప్పారు.

"వాడు సారా తాగి చావలేదు. అది నేను తెప్పించిన డబ్బా. తియ్యగా ఉండాదని చెప్పింది నేను. నోటికి తగలగూడదని తెలిసి కూడా మీకు చెప్పనిది నేను. ఆ తప్పు వాడి మింద పెట్టొద్దు."

పాస్టరుగారు గంట కొట్టించారు. మన్ను పూడ్చేదాకా బావగారు అక్కడే ఉన్నారు. మునసబు ఇంటికొచ్చి, కోరి కేసు తెచ్చుకుంటారా అని కేకలేశాడు. పోలీసులు ఒకసారి వచ్చి అడిగి పోయారు, మళ్లీ రాలేదు. వాళ్లు వస్తారని ఆయన చాలాకాలం ఎదురు చూశారని నాకు అనిపిస్తుంది. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా వినిపిస్తే లేచి నిలబడేవారు.

ఆ తర్వాత ఆయన దేన్నీ రుచి చూడలేదు. బావి తవ్వినవాళ్లు చెంబుతో నీళ్లు తెచ్చి ఎదురుగా పెడితే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఇంకెవరినైనా అడగమనేవారు. అడిగేదానికి ఇంకెవరూ లేరు. ఉత్తరపు వీధివాళ్లు అంచనా మీద తవ్వుకున్న బావిలో ఉప్పునీళ్లు పడ్డాయి. ఊరికి కోపం వచ్చింది. ఒక తప్పు జరిగితే ఇంత బిగదీసుకోవాలా అన్నారు. కొన్నాళ్లకు అడగడం మానేశారు. ఇంట్లో కూడా వడ్డించింది తినేవారు. ఒకరోజు నేను కావాలనే పెరటి బావి నీళ్లతో పులుసు కాచి వడ్డించాను. గోడతోనైనా ఏదో అంటారని ఆశ. ఆయన తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

ఇంకో డ్రైవరును పెట్టుకోలేదు. ట్రాక్టరు తనే తోలారు, ఎప్పటికీ సరిగా రాలేదు. ఏటా ముందు మార్తమ్మకున్న చిన్న కయ్య దున్ని, ఆ తర్వాతే మా కయ్యల్లోకి వచ్చేవారు. ఆమె వద్దనలేదు, గట్టు మీదికి వచ్చి చూడనూ లేదు. రేడియేటర్లో ఉత్త నీళ్లే పోసేవారు. నా భర్త మళ్లీ ఆ మందు తెప్పిద్దామంటే బావగారు అక్కడి నుంచి లేచి వెళ్లిపోయారు. కొన్నేళ్లకు లోపలంతా తుప్పు పట్టి, ఒక ఎండాకాలం ఇంజను పగిలింది. దాన్ని కొట్టం వెనక వదిలేసి ఎద్దుల్ని కొన్నారు.

అరవైల చివరలో ఆయనకు జ్వరం పట్టి తగ్గలేదు. వెనక పంచలో మంచం వేశాం. ఒకరోజు మార్తమ్మను పిలిపించమన్నారు. గోడకు కాదు, నా మొహం చూసి చెప్పారు. ఆమె మధ్యాహ్నం కలుపు పని మధ్యలోంచి వచ్చి పెరట్లో నిలబడింది. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. బావగారు తల ఎత్తి చూశారు. ఆయన నోరు తెరిచేలోపు ఆమే మాట్లాడింది.

"నీ మింద కోపం పోతదేమోనని ఇన్నాళ్లూ చూసినానయ్యా. ప్రార్థనలో కూడా అడిగినా. పోలా. పొయ్యే మనిషికి అబద్ధం చెప్పలేను."

బావగారు తల ఊపారు. "పోనక్కర్లేదమ్మా. ఉండనీ" అన్నారు.

ఆమె కొంగు సర్దుకుని వెళ్లింది. ఆయన కళ్లు మూసుకున్నారు, నిద్రపోయారనుకున్నాను. కాసేపటికి, "ఆమెను ఎండలో నిలబెట్టినామే. లోపలికి రమ్మని మనం ఎవరమూ అనలేదే" అన్నారు. నేను పెరట్లోకి పరుగెత్తాను. అప్పటికే ఆమె కయ్యల గట్టు మీద దూరంగా పోతోంది. బావగారు ఆ వారంలోనే పోయారు.

కర్మలు అయిపోయాక మార్తమ్మ మళ్లీ మా కయ్యలో పనికి వచ్చింది. మధ్యాహ్నం మా పెరట్లో కూలివాళ్లకు మజ్జిగ పోసేటప్పుడు నేను పంచలో చాప పరిచి, లోపలికి వచ్చి కూర్చోమన్నాను. ఆమె చాపను చూసింది, నన్ను చూసింది. మిగతావాళ్లు చెంబులు దించి చూస్తున్నారు.

"కయ్యలో పని ఉండాదమ్మా" అని, మజ్జిగ నిలబడే తాగి, చెంబు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.